ఇరవై ఏడో మేకు

మా మందమర్రి చర్చిలో సండే స్కూలు పిల్లలకు క్రిస్మస్ రోజున బొమ్మలు పంచే పని ఇరవై ఏళ్ళుగా నాది. కొనడం, సర్దడం, రంగు కాగితం చుట్టడం, ఆరాధన అయ్యాక పిలిచి ఇవ్వడం, అన్నీ నేనే. వినేవాళ్ళు "ఎంత ముచ్చటైన పనో" అంటారు. అలా అన్నవాళ్ళ చేతికి ఒక ఫుట్‌బాలూ ఒక షీటు కాగితమూ ఇచ్చి చుట్టమనాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. బంతికి కాగితం చుట్టడమంటే ఏడుస్తున్న పిల్లాడికి చొక్కా తొడగడమే. ఒకవైపు లాగితే ఇంకోవైపు లేచి వస్తుంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. టేపు కొస దొరక్కపోతే వస్తుంది. తీసిన చోట కత్తెర పెట్టకపోతే వస్తుంది. ఇంత కష్టపడి చుట్టిన ప్యాకెట్టును కొందరు తల్లులు పిల్లల చేతిలోంచి తీసుకుని, గోటితో మెల్లగా టేపు ఊడదీసి, కాగితం చిరక్కుండా మడిచి పరుపు కింద దాచుకుంటారు చూడండి, అప్పుడు అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది. మనం చుట్టేదే చింపడానికి. పిల్లలు పరపరా చింపితేనే నాకు కడుపు నిండుతుంది.

మూడేళ్ళ కిందటి క్రిస్మస్‌కు ఒక అనర్థం జరిగింది. మా పిల్లలందరికీ బైబిలు పేర్లే కాబట్టి ఒకే పేరున్న వాళ్ళు నలుగురు తేలారు. ఇంటిపేరు కూడా రాయొచ్చు కదా అంటారు. రాశాను. ఆ నలుగురిలో ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, ఇంటిపేరూ ఒకటే. దాంతో అప్పుడే నూనూగు మీసం వస్తున్న ఎనిమిదో తరగతి పిల్లవాడికి గిలక్కాయ పోయింది, పదకొండు నెలల వాడికి క్రికెట్ బ్యాటు వచ్చింది. పసివాడు ఏమీ అనలేదు, బ్యాటు పిడి చప్పరించాడు. మీసం పిల్లవాడు మాత్రం ఏడ్చిన ఏడుపుకు పాస్టరు గారి ముగింపు ప్రార్థన ఎవరికీ వినపడలేదు.

ఆ తర్వాత జరిగిన మీటింగులో మా సంఘపెద్ద లేచాడు. ఆయన గనిలో ఓవర్‌మెన్‌గా, అంటే ఒక షిఫ్టు మొత్తాన్ని నడిపించే పెద్దగా పనిచేసి రిటైరయ్యాడు. చర్చిని కూడా షిఫ్టులాగే నడపాలని చూస్తాడు.

"బొమ్మలు వారం గూడ ఉండయి టీచరమ్మా," అన్నాడు. "స్టీలు టిఫిన్ బాక్సు పదేండ్లుంటది. అందరికి ఒక్కతీరుగ ఇస్తే లొల్లి ఉండది."

టిఫిన్ బాక్సు అన్న మాట వినగానే నా ఒళ్ళు మండింది. దానికి కారణం ఉంది. నేను కరీంనగర్‌లో పుట్టి పెరిగాను. చిన్నప్పుడు బైబిలు వాక్యాలు అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ప్రతి ఏడూ బహుమతి నాదే, ప్రతి ఏడూ స్టీలు గ్లాసే. మా అవ్వ దాని మీద నా పేరు చెక్కించి అటక మీద పెట్టేది. నా పెళ్ళినాటికి పదకొండు గ్లాసులయ్యాయి. పదకొండు గ్లాసులున్న ఆ పిల్లకు ఒక్క బొమ్మ లేదు. టవర్ సర్కిల్ వెనక సందులో ఒక బొమ్మల షాపు ఉండేది. దాని అద్దానికి ముక్కు ఆనించి నిలబడేదాన్ని. లోపలి సాయిబు గారు రమ్మని చెయ్యి ఊపేవాడు, నేను సిగ్గుపడి పరిగెత్తేదాన్ని. నాకు అది ఇప్పటికీ బాధే.

అందుకని మీటింగులో నోరు జారాను. "ఈసారి లిస్టుల ఉన్న ఒక్క పిల్లకు అడిగిన బొమ్మ అందకుంట పోయినా, ఆ మీది ఏడు నేనే టిఫిన్ బాక్సులు తెచ్చి పంచుత," అన్నాను. సంఘపెద్ద వెంటనే సెక్రటరీతో ఆ మాటను మినిట్స్ పుస్తకంలో రాయించి, నాతో సంతకం పెట్టించుకున్నాడు. సంతకం పెడుతుండగానే కొరివితో తల గోక్కుంటున్నానని తెలుస్తూనే ఉంది. ఆ మరుసటి ఏడు చర్చి రిపేరు వల్ల పండగ సాదాగా జరిగిపోయింది. కాబట్టి నా పరీక్ష నిరుటికి వచ్చింది.

నిరుడే మా ఆయన రిటైరయ్యాడు. ముప్పై నాలుగేళ్ళు గని మీద, మా మాటలో బాయి మీద, ల్యాంప్ రూంలో పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ ఉంటుంది. దిగే ముందు ల్యాంప్ రూం కిటికీలో ఆ బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే లైటు తీసుకోవాలి. బిళ్ళను లోపల బోర్డు మీద ఆ నంబరు మేకుకు తగిలిస్తారు. పైకొచ్చినవాడు లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకుపోతాడు. షిఫ్టు అయ్యాక కూడా మేకుకు బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. తన డ్యూటీ అయిపోయినా ఆ బిళ్ళ కదిలేదాకా మా ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. నాలుగింటికి రావలసినవాడు ఒక్కోరోజు ఏడింటికి వచ్చేవాడు. ఎందుకాలస్యమంటే "ఒక్క బిళ్ళ ఉండె" అనేవాడు, అంతే. నేను కంచం ఠంగుమని పెట్టేదాన్ని. కూర రెండుసార్లు వేడిచేసే బాధ నాది.

రిటైరయ్యాక ఆయన ఆరు నెలలు ఇంట్లో ఏ పనీ లేక ఫ్యాన్ వైపు చూస్తూ గడిపాడు. నా లిస్టు గోల విని నవంబరులో ఒక మధ్యాహ్నం మంచం మీదనుంచి లేచాడు.

"పేర్లు నమ్ముకుంటే గట్లనే అయితది," అన్నాడు. "బాయిల మేమెన్నడన్న పేరు నమ్మినమా? బిళ్ళ పెట్టు."

లేచినవాడు ఆగలేదు. పాత కూలరు రేకు విప్పి నలభై మూడు బిళ్ళలు కోశాడు. అంచులు ఆకురాయితో రుద్దాడు. సుత్తితో నంబర్లు కొట్టాడు. మా క్వార్టర్ల వరుసలో వారం రోజులు మధ్యాహ్నం ఎవరూ కునుకు తీయలేదు. చర్చి వెనక గదిలో ఒక పలక బిగించి నలభై మూడు మేకులు వరుసగా దించాడు. డిసెంబరు మొదటి ఆదివారం పిల్లల్ని నిలబెట్టి రూలు చెప్పాడు. ఒక్కో పిల్లకు ఒక బిళ్ళ. పండగనాడు బిళ్ళ ఇచ్చినవాళ్ళకే అదే నంబరు ప్యాకెట్టు. వచ్చిన బిళ్ళ మేకు మీదికి పోతుంది. చివరికి మేకు ఖాళీగా మిగిలిందంటే ఆ నంబరు పిల్లకు బొమ్మ చేరనట్టు. పిల్లలు ఎంతో బుద్ధిగా విన్నారు. మర్నాడే పద్నాలుగో నంబరువాడు తన బిళ్ళను ఐదు గోలీలకు అమ్మేశాడని తెలిసి, మా ఆయన వాళ్ళింటికి వెళ్ళి గోలీలు వాపసు ఇప్పించి వచ్చాడు. ఫ్యాను వైపు చూడటం మానేసినందుకు నాకు ఎంత సంతోషమైందో ఆయనకు చెప్పలేదు, చెప్తే ఇంకో పలక కొడతాడని.

ఎవరికి ఏ బొమ్మ కావాలో నేను ముందే అడిగి రాసుకుంటాను. ఇరవై ఏడో నంబరు రెండో తరగతి పిల్ల. జూన్‌లో వచ్చి చేరింది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. వాళ్ళ నాన్న పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర డంపర్, అంటే మట్టి మోసే రాక్షసి లారీ, తోలుతాడు. ఏం కావాలని అడిగితే "డంపర్" అంది. ఎందుకని అడిగాను.

"మా బాపు తోల్తడు. నన్ను తీస్కపోడు, పిల్లలను రానియ్యరట. టైరు నా కన్న ఎత్తుంటదట," అంది. జడ కొస వేలికి చుట్టుకుంటూ, "మా బాపు అండ్ల ఏడ కూసుంటడో నాకు తెల్వది," అంది.

నేను లిస్టులో డంపర్ అని రాసి కింద రెండు గీతలు గీశాను. సంఘపెద్ద లిస్టు చూసి ఆడపిల్లకు డంపరేంది, బొమ్మపిల్లను రాయమన్నాడు. మినిట్స్ పుస్తకంలో "అడిగిన బొమ్మ" అనే ఉందని గుర్తుచేశాను. ఆయన రాయించిన పుస్తకమే ఆయన నోరు మూసింది.

బొమ్మలు కొనడానికి నేను కరీంనగరే పోతాను. అదే సందులో, అదే షాపు. ఇప్పుడు ఆ సాయిబు గారి కొడుకు కూర్చుంటాడు, నా ఈడువాడే. నలభై రెండు బొమ్మలూ గంటలో ఏరాం. డంపర్ దగ్గర ఆగిపోయాం. క్రేన్లు చూపించాడు, మట్టి తవ్వే బండ్లు చూపించాడు. గ్రానైట్ పనివాళ్ళ పిల్లలు ఉన్న ఊరు కదా, ఇక్కడ క్రేనే నడుస్తుందట, డంపర్ ఎవరూ అడగరట. అప్పుడు నాకు షోకేసులో పై అరన పసుపు రంగు డంపర్ కనపడింది. అద్దం వైపు ఎండకు వెలిసి నిమ్మకాయ రంగుకు వచ్చింది.

"అది అమ్మేది కాదక్కా," అన్నాడు. "మా అబ్బా పెట్టిన షోపీసు. ఆయన పోయినంక గూడ తియ్యలే."

నాకు కోపం రాలేదు, నాకే ఆశ్చర్యం. ఆ పిల్ల అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు గల్లా పెట్టె మూత తెరిచి మూసి చేశాడు. తర్వాత స్టూలు వేసుకుని ఎక్కి డంపర్ దించాడు, భుజం మీది తువ్వాలతో దుమ్ము తుడిచాడు, కొత్త బ్యాటరీలు వేశాడు. ముందుకు పోయింది, తొట్టి లేచింది, రివర్స్ వేస్తే నిజం బండిలాగే పీపీ మని కూసింది.

"నేను గూడ చిన్నగున్నప్పుడు మా అబ్బాను గట్లనే పరేషాన్ చేసేటోణ్ణి, నీ కుర్చీల కూసుంట అని," అన్నాడు. "తీస్కపో అక్కా. కుర్చీ దొరికినంక ఫికరే ఉంటది, ఆమెకు చెప్పకు."

తిరుగు ప్రయాణం బస్సులో. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటినుంచి ఎక్కడానికే సగం బలం పోతుంది, రెండు గోనెసంచులతో నేనెలా ఎక్కానో దేవుడికే తెలుసు. ఒక సంచి పై అరలో పడుకోబెట్టాను. పడుకోబెడితే ఏడ్చే బొమ్మపిల్ల అందులోనే ఉందన్న సంగతి ఊరు దాటాక గుర్తొచ్చింది. బస్సు గుంతలో పడింది, పైనుంచి కెవ్వుమని పసిపిల్ల ఏడుపు మొదలైంది. అందరూ కింద వెతికారు. ఒక ముసలమ్మ మాత్రం పైకి చూసింది. సంచి నాదని తెలిసి నావైపు తిరిగింది.

"పిల్లను గోనెసంచిల పెట్టినవా? నీకు చెయ్యెట్లొచ్చిందే?" అంది.

సంచి దించి మూతి విప్పి బొమ్మను తీసి చూపించాను. ముసలమ్మకు నమ్మకం కుదిరింది గానీ బొమ్మకు ఏడుపు ఆగలేదు, మీట ఎక్కడో ఇరుక్కుంది. నిలబెట్టి భుజాన వేసుకుంటేనే ఊరుకుంటోంది. పెద్దపల్లి దాటేదాకా యాభై ఏడేళ్ళ మనిషిని, ప్లాస్టిక్ పిల్లను జోకొడుతూ కూర్చున్నాను. కండక్టరు జీరో టికెట్ల మిషను పట్టుకుని వచ్చి, నా ఆధార్ కార్డు చూసి, బొమ్మను చూసి, ఏమాత్రం నవ్వకుండా, "గీమె ఆధార్ ఏది?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇక చుట్టుడు. పది రోజులు మధ్యాహ్నాలన్నీ మా ముందు గది నిండా అట్టపెట్టెలు, కాగితాలు. మా ఆయన, పరీక్ష చేయని వస్తువును గనిలోకి దిగనివ్వరని చెప్పి, ప్రతి బొమ్మనూ నేల మీద నడిపించి చూశాడు. డంపర్‌కు లోడు పరీక్ష కావాలన్నాడు. పావుకిలో కందిపప్పు ఎక్కించి ముందు గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి ముందు గదికి మూడు రోజులు ట్రిప్పులు కొట్టాడు. పక్కింటామె పెరుగు తోడుకు వచ్చి, బోర్లా పడుకుని పప్పు తోలుతున్న మనిషిని చూసి తోడు అడక్కుండానే వెళ్ళిపోయింది.

చుట్టడంలో నాకు ఒక నియమం ఉంది. ప్యాకెట్టు చూసి లోపలేముందో పిల్లలకు తెలియకూడదు. బ్యాటును దిండుతో కలిపి చుడతాను. బంతిని చదరపు డబ్బాలో పెడతాను. మా పిల్లలు ఊపి చూసి చెప్పేస్తారు కాబట్టి చప్పుడు మారడానికి ప్రతి డబ్బాలో గుప్పెడు చింతగింజలు పోస్తాను. మా ఆయనకు ఇచ్చిన పని టేపు అంటించడం. రంగు కాగితం మీద నల్లటి కరెంటు టేపు వేశాడు. గులాబీ రంగు ప్యాకెట్టు మీద నల్ల పట్టీలు చూసి నాకు కళ్ళు తిరిగాయి. గట్టిగా ఉంటుందట, నీళ్ళు దిగవట. బొమ్మలు బాయిలోకి దిగట్లేదని అరిచాను. ఆయన మామూలు టేపును ముక్కలుగా కోసి నా చీర కుచ్చిళ్ళకు వరుసగా అంటించి, కావలసినప్పుడు తీసుకోమన్నాడు. నిజం చెప్పాలంటే పని దాంతోనే చురుగ్గా సాగింది. డంపర్‌ను మాత్రం నేనొక్కదాన్నే చుట్టాను. మూడుసార్లు విప్పి చుట్టాల్సి వచ్చింది, చుట్టినప్పుడల్లా ఎక్కడో మీట నొక్కుకుని లోపల తొట్టి లేస్తోంది.

పండగ రోజు ప్యాకెట్లన్నీ బల్ల మీద నంబర్ల వారీగా పేర్చాం. ఆరాధన మధ్యలో, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నప్పుడు, ఇరవై ఏడో ప్యాకెట్టులోంచి పీపీ పీపీ మని రివర్స్ హారన్ మొదలైంది. వెనక వరుసలో నిలబడ్డ ఓపెన్‌కాస్ట్ కార్మికులు నలుగురు కళ్ళు తెరవకుండానే రెండడుగులు పక్కకు జరిగారు. చర్చంతా నవ్వింది, ఆ నవ్వులో నేను ఒక సంగతి గమనించలేదు. ఆ చప్పుడుకు అందరికన్నా ముందు తిరిగి చూడవలసిన పిల్ల చర్చిలో లేదు.

పంపకం మొదలైంది. పిల్లలు మెడలోంచి బిళ్ళలు తీసి ఇచ్చారు, మా ఆయన నంబరు చదివి మేకుకు తగిలించాడు, నేను ప్యాకెట్టు ఇచ్చాను. తప్పు పోయింది ఒక్కటీ లేదు. కాగితాలు పరపరా చిరిగాయి, చింతగింజలు చర్చంతా దొర్లాయి. ఒంటిగంటకు బల్ల మీద ఒక ప్యాకెట్టు మిగిలింది. పలక మీద ఒక మేకు ఖాళీ.

పిల్ల ఎక్కడని వాకబు చేశాను. కాంట్రాక్టరు పని ఆగిపోయిందట, వాళ్ళు రెండు రోజుల కింద సామాను ఆటో ట్రాలీలో వేసుకుని లక్సెట్టిపేటలో ఆమె అమ్మమ్మ ఇంటికి పోయారట. తల్లి ఫోను స్విచ్ఛాఫ్. ఇరవై ఏళ్ళ నా పని ఆ ఒక్క ప్యాకెట్టు దగ్గర ఆగింది. టిఫిన్ బాక్సుల సంగతి కన్నా, ఆ పిల్ల రెండు రోజులుగా ఏమనుకుంటూ ఉంటుందోనన్న ఆలోచన నన్ను ఎక్కువ కోసింది.

సంఘపెద్ద వచ్చి మేకు వైపు చూశాడు. గెలిచినట్టు నవ్వలేదు, ఆ మర్యాద ఆయనకుంది. ఆదివారం ఎవరన్నా అటు పోతే పంపుదామన్నాడు. గది తాళం వేస్తే ఇంటికి పోదాం, బిర్యానీ చల్లారుతుందన్నాడు. మా ఆయన పలక ముందు నుంచి కదల్లేదు.

"సార్," అన్నాడు. రిటైరైనా ఆయన్ను సార్ అనే అంటాడు. "మీ షిఫ్టుల ఒక్క మనిషి మీదికి రాకుంటే, మీరు ఎన్నడన్న ఇంటికి పోయిండ్రా?"

సంఘపెద్ద ప్యాంటు జేబులోంచి కారు తాళాలు తీశాడు.

పండగ బట్టలతో, పొద్దటి నుంచి ఒక కేకు ముక్క తప్ప ఏమీ తినని ముగ్గురం బయల్దేరాం. మా సంఘపెద్ద కారు ముప్పై దాటనివ్వడు, ప్రతి మలుపులో హారన్ కొడతాడు. వెనక సీట్లో నా ఒళ్ళో ప్యాకెట్టు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అది పీపీ మనేది, ఆయన అద్దంలో చూసి బ్రేకు వేసేవాడు. మంచిర్యాల దాటేసరికి ముందు సీట్లో మా ఆయన, "సార్, అది మనదే," అని ముందుగానే చెప్పడం మొదలుపెట్టాడు.

లక్సెట్టిపేటలో ఒక చాయ్ హోటల్ దగ్గర డంపర్ డ్రైవరు అత్తగారిల్లు అంటే చూపించారు. పిల్ల వాకిట్లోనే ఉంది. మెడలో నల్లదారానికి మా కూలరు రేకు బిళ్ళ. మమ్మల్ని చూసిందో లేదో బిళ్ళను పిడికిట్లో బిగించి గోడకు ఆనుకుంది.

"నేను పోగొట్టలే," అంది. "ఉన్నది. గుంజుకోకుండ్రి."

పండగకు రానందుకు బిళ్ళ వాపసు తీసుకోవడానికి వచ్చామనుకుంది. నేను ప్యాకెట్టు మా ఆయన చేతికిచ్చాను. ఆయన చొక్కా సర్దుకుని, ల్యాంప్ రూం కిటికీలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నంబరు?"

"ఇర్వై ఏడు."

"బిళ్ళ ఇచ్చి తీస్కో."

ఆమె ప్యాకెట్టు చూసింది, పిడికిలి చూసుకుంది. రెండో చెయ్యి చాచి, "ముందుగాల అది ఇయ్యి," అంది. ముప్పై నాలుగేళ్ళలో బిళ్ళ లేకుండా ఎవరికీ ఒక్క లైటు ఇవ్వని మనిషి, క్షణం ఆలోచించకుండా ప్యాకెట్టు ముందే ఇచ్చేశాడు. ఆమె బిళ్ళ ఆ తర్వాత ఇచ్చింది.

ఇంట్లోంచి తల్లీ తండ్రీ వచ్చారు. పిల్ల కూర్చుని టేపును గోటితో మెల్లగా ఊడదీయడం మొదలుపెట్టింది. కాగితం చిరక్కుండా. నేను ఆ పని చేసేవాళ్ళను ఎన్ని తిట్టానో మీకు ముందే చెప్పాను. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని కాగితం కొస నేనే పట్టుకున్నాను.

డంపర్ బయటికి వచ్చింది. పిల్ల దాన్ని నేల మీద పెట్టి, పక్కన నిలబడి, టైరును తన కాలితో కొలిచింది. "నా కన్న ఎత్తు లేదు," అంది కొంచెం నిరాశగా. అప్పటిదాకా దూరంగా, చేతులు కట్టుకుని మొహమాటంగా నిలబడ్డ వాళ్ళ నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె వేలు పట్టుకుని బొమ్మ పైన ఎడమ మూలకున్న చిన్న కిటికీలో పెట్టాడు.

"ఇగో," అన్నాడు. "గిండ్ల కూసుంట."

పిల్ల వంగి ఒక కన్ను మూసి ఆ కిటికీలోంచి చాలాసేపు చూసింది. తర్వాత డబ్బాలోంచి రాలిన చింతగింజలు ఏరి తొట్టిలో పోసుకుంది. మొదటి ట్రిప్పు వాకిలి చివరిదాకా పోయి గడప దగ్గర ఇరుక్కుంది. అప్పుడు మా సంఘపెద్ద, ఓవర్‌మెన్ రక్తం ఊరుకోక, ఇస్త్రీ ప్యాంటు పైకి లాక్కుని మట్టిలో గొంతుక్కూర్చుని చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

"రివర్స్. ఇంక జర. ఇంక జర. బస్."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకోకుండానే కారు నడిపాడు. మంచిర్యాల దాటాక, ఆ కరీంనగర్ షాపులో క్రేన్లు దొరుకుతాయన్నావు కదా అని నన్ను అడిగాడు. ఏ పిల్ల కోసమో అడుగుతున్నాడనుకుని ఎంత వయసని అడిగాను. రోడ్డు ఖాళీగా ఉన్నా హారన్ కొట్టాడు. టిఫిన్ బాక్సుల మాట మినిట్స్ పుస్తకంలో ఇప్పటికీ నా సంతకంతో ఉంది, కానీ ఆ పేజీ ఎవరూ తెరవరు.

ఇంటికి పోకుండా మా ఆయన చర్చి దగ్గర కారు ఆపమన్నాడు. వెనక గది తాళం తీయించి పలక ముందు నిలబడి ఇరవై ఏడో మేకుకు బిళ్ళ తగిలించాడు. కదలకుండా వేలితో ఆపాడు. నలభై మూడూ మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూశాడు.

"అందరొచ్చిండ్రు," అన్నాడు. "ఇగ తాళమెయ్యి."

ముప్పై నాలుగేళ్ళలో అలాంటి సాయంత్రాలు ఆయనకు ఎన్ని ఉండేవో నేను ఒక్కసారీ అడగలేదు. కంచం మాత్రం ఠంగుమని పెట్టేదాన్ని. ఆ రోజు పొద్దు గుంకే వేళకు ఇంటికి చేరి, పొద్దున వండిన పండగ బిర్యానీని వేడిచేశాను. కంచం చప్పుడు కాకుండా పెట్టాను.